పలుపు ఇవ్వని బేరం

వాన్ అమ్మిన అయిదో రోజు పొద్దున్నే ఫోన్ మోగింది. కొన్నామె పేరు చూసి ఒరోజ్‌బెక్ సంతోషించాడు. అమ్మేశాక కొన్నవాళ్ళ ఫోనంటే దడుచుకునేవాళ్ళు వేరే ఉంటారు. అతను ఆ డీజిల్ వాన్‌ని పదకొండేళ్ళు నడిపాడు. కొండల్లో అది ఎలా ఉందో తెలుసుకోవాలని అతనికి నిజంగానే ఉంది.

"అన్నా, డోలోన్ కనుమ ఎక్కుతుంటే ఆగిపోయింది," అంది అనార్‌కుల్. "లోపల పద్నాలుగు మంది ఉన్నారు. అరగంట కూర్చున్నాక మళ్ళీ స్టార్టయింది, ఏమీ ఎరగనట్టు."

"ఎవరూ ఏమీ చెయ్యకుండానే?"

"చెయ్యి కూడా పెట్టలేదు."

"డీజిల్ ఎక్కడ పోయిస్తున్నావు?"

మా వైపు ఏ బండి ఎక్కడ ఆగినా మొదట అడిగే ప్రశ్న ఇదే. దాని తరవాతి మాట కూడా అందరి నోట్లోనూ సిద్ధంగా ఉంటుంది.

"ఊరి చివర సుయుమ్‌కాన్ అక్క దగ్గర. పీపాల్లో తెచ్చి అమ్ముతుంది."

"ఇంకేం, నీళ్ళు కలిసుంటాయి. ఫిల్టర్ మార్చేసి ఇంకోచోట పోయించు చెల్లెమ్మా, సరిపోతుంది."

ఫోన్ పెట్టేసి రొట్టె టీలో ముంచుకు తిన్నాడు. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందంటే, సాయంత్రానికి అలా అన్నట్టే గుర్తు లేదు.

మళ్ళీ ఆరు రోజులకి ఫోన్ వచ్చింది. అనార్‌కుల్ అంతకుముందు బడిలో లెక్కలు చెప్పేది. కోపం వచ్చినా వరస తప్పకుండా మాట్లాడుతుంది.

"మీరు చెప్పినట్టే చేశాను. ఫిల్టర్ మార్చాను. పెద్ద బంకులో పోయిస్తున్నాను. నేనే కాదు, మీ మాట విని మా స్టాండులో ఒక్కరు కూడా సుయుమ్‌కాన్ అక్క దగ్గర పోయించుకోవడం లేదు. అయినా నా బండి ఆగుతూనే ఉంది. ఆరు రోజుల్లో అయిదుసార్లు. ఇప్పుడు చెప్పండి."

"నా మాట విని మానేశారా?"

"పదకొండేళ్ళు నడిపిన మనిషి అన్నాడంటే నమ్మరా మరి?"

ఒరోజ్‌బెక్‌కి మెడ దగ్గర ఏదో గుచ్చుకున్నట్టయింది. కానీ ఆ గుచ్చుకున్నదాన్ని పక్కకి తోసేసి ఇంకో ప్రశ్న ముందుకొచ్చింది. ఆరు రోజుల్లో అయిదుసార్లు. మరి ఆరో రోజు ఎందుకు ఆగలేదు?

ఎదురుగా కూర్చున్న బావమరిది అంతా విన్నాడు. "ఆ నంబర్ బ్లాక్ చేసి పారెయ్ బావా. చూసుకున్నారు, నడుపుకున్నారు, కొనుక్కున్నారు. ఇప్పుడు నువ్వెళ్ళి కొరివితో తల గోక్కుంటావా?"

"డబ్బు వెనక్కి అడగలేదురా."

"రేపు అడుగుతుంది. పంతులమ్మ కదా, ముందు ప్రశ్న వేస్తుంది, తరవాత బెత్తం తీస్తుంది."

తల్లి బురుల్ పొయ్యి దగ్గర నుంచే అంది, "ఏం కాదు. పలుపు మన దగ్గరే ఉంది."

మేకని అమ్మినా గుర్రాన్ని అమ్మినా దాన్ని కట్టే పలుపు తాడు ఆవిడ ఇవ్వదు. పలుపు వెంట ఇంటి అదృష్టం కూడా పోతుందని మావాళ్ళ నమ్మకం. వాన్‌ని కూడా ఆవిడ పశువుల లెక్కలోనే వేసింది. కొనేవాళ్ళు వచ్చిన రోజు పొద్దున్నే వెళ్ళి దాన్నుంచి కూడా ఏదో ఒకటి తీసి దాచింది. అప్పుడు అందరూ నవ్వుకున్నారు.

శనివారం తెల్లవారగానే ఒరోజ్‌బెక్ పనిముట్ల సంచి తన చిన్న కారులో పడేసుకుని తమ ఊరు తోక్‌మోక్ నుంచి బయల్దేరాడు. అనార్‌కుల్‌కి న్యాయం చెయ్యడానికే వెళుతున్నానని భార్యకి చెప్పాడు. నిజానికి అతనికి రెండు రాత్రుళ్ళుగా నిద్ర లేదు. తన కింద పదకొండేళ్ళు ఒక్కసారి కూడా చెయ్యని పని, ఆ బండి ఇంకొకరి చేతిలో ఎందుకు చేస్తోందో తెలియాలి. తెలియకపోతే ఈ మనిషికి తిండి సయించదు.

*

అనార్‌కుల్ ఉండే కొచ్‌కోర్ ఊళ్ళోకి తిరిగే మలుపులో రెండు నీలం పీపాలు, వాటి పక్కన ఒక కుర్చీ, కుర్చీలో ఉన్ని శాలువా కప్పుకున్న ఒకావిడ. డీజిల్ పోసే గరాటు మేకుకి బోర్లా వేలాడుతోంది. ఒరోజ్‌బెక్ కారు వేగం తగ్గించడం చూసి ఆవిడ లేచి నిలబడింది. గరాటు అందుకుంది కూడా. అతని కారు పెట్రోలుది. మలుపు కోసం తగ్గించాడు గాని ఆగడానికి కాదు. ముందుకు పోతూ అద్దంలో చూశాడు. ఆవిడ గరాటుని మళ్ళీ మేకుకి తగిలించి, శాలువా సర్దుకుని కూర్చుంది. అతని వెనకే వస్తున్న రెండు వాన్లు కూడా ఆగలేదు.

అనార్‌కుల్ స్టాండులోనే ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, మగవాళ్ళ చలికోటు, నెత్తిన ఉన్ని టోపీ. ఖాళీ వాన్ పక్కన నిలబడి వేడి నీళ్ళ ఫ్లాస్కు మూత బిగిస్తోంది. మిగతా వాన్లు నిండి వెళ్ళిపోతున్నాయి.

"ఆగే బండి ఎవరెక్కుతారు అన్నా?" అంది, పలకరింపులయ్యాక. "బోలోత్ అయితే పాసింజర్లకి ముందే చెబుతున్నాడు, ఆ వాన్‌లో వెళితే దుప్పటి తెచ్చుకోండని."

పక్క వాన్ కిటికీలోంచి బోలోత్ తల బయటపెట్టాడు. లావుపాటి మనిషి, బంగారు పన్ను. "అబద్ధం. దుప్పటీ, పులుసూ తెచ్చుకోమన్నాను. ఏం అన్నా, మీ తోక్‌మోక్‌లో చదునుగా ఉంటుందని కొండెక్కడం నేర్పకుండానే అమ్మేశారా దీన్ని?"

ఒరోజ్‌బెక్ నవ్వాడు గాని చెవి ఇంజన్ మీదే ఉంది. స్టార్టు చేయించాడు. పాత స్నేహితుడి గొంతు విన్నట్టు తల వంచి విన్నాడు. ఏ తేడా లేదు. ఆ తేడా లేకపోవడమే అతనికి నచ్చలేదు.

అనార్‌కుల్ గళ్ళ నోటుపుస్తకం తీసింది. తేదీ, బయల్దేరిన టైము, ఆగిన టైము, ఎంతమంది, ఎండా మంచా, అన్నీ గీతలు కొట్టి రాసింది. ఆగిన అయిదుసార్లూ బయల్దేరిన యాభై నిమిషాల నుంచి గంట లోపలే. అయిదుసార్లూ ఎక్కేటప్పుడే, తిరిగి దిగేటప్పుడు ఒక్కసారీ కాదు. అయిదుసార్లూ బయల్దేరే ముందు ట్యాంకు నిండా పోయించింది.

"గురువారం ఆగలేదు. ఆ రోజు ఏం తేడా?"

"ఏం లేదు. అదే లోడు, అదే చలి."

"ఎక్కడైనా ఆపావా?"

ఆమె ఆలోచించింది. "సారి-బులాక్‌లో టీకి ఆపాను. ఆ రోజు డీజిల్ మరీ ఎక్కువ తాగుతోందేమోనని అనుమానమొచ్చి, మూత తీసి కర్ర పెట్టి కొలిచాను. అంతే."

"మూత తీశావు."

"తియ్యకుండా కర్ర ఎలా పెడతారు అన్నా?"

ఒరోజ్‌బెక్ పనిముట్ల సంచి అందుకున్నాడు. "పద," అన్నాడు. "ట్యాంకు నింపు. బరువు కూడా కావాలి."

మనుషులు రారు కాబట్టి బోలోత్ వాళ్ళ బంధువు గోదాం నుంచి బంగాళాదుంప బస్తాలు ఇరవై అడిగి తెచ్చారు. బస్తాలు ఎక్కిస్తూ బోలోత్ అన్నాడు, "ఇవైతే ఆగినా సణగవులే."

*

సారి-బులాక్ దాటాక దారి ఎక్కడం మొదలైంది. అక్టోబరు మంచు అప్పటికే రోడ్డు అంచుల్లో గట్టిపడింది. అనార్‌కుల్ నడుపుతోంది. ఒరోజ్‌బెక్ పక్కన కూర్చుని అరచెయ్యి డాష్‌బోర్డు మీద ఆనించి ఉంచాడు. యాభై రెండో నిమిషంలో, మూడో మెలిక దగ్గర, ఇంజన్ గొంతులో మొదటి తడబాటు వచ్చింది. గేరు మార్చేలోపు రెండోది. తరవాత బండి ఊగి ఊగి, రోడ్డు వారన నిలబడిపోయింది.

"చూశారా?" అంది అనార్‌కుల్. ఆగిపోయినందుకు ఆమె ముఖంలో ఒక రకం తృప్తి ఉంది. డాక్టరు ముందు సరిగ్గా దగ్గు వచ్చిన రోగి ముఖం అది.

"ఆగింది, మంచిది. నువ్వు దిగకు. నేను చెప్పినప్పుడు స్టార్టు చెయ్యి."

అతను దిగి ట్యాంకు దగ్గరికి వెళ్ళాడు. చేతితొడుగులు తీసి జేబులో పెట్టుకుని, మూత మీద వేళ్ళు వేసి మెల్లగా తిప్పాడు. బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులతో తిప్పితే కదిలింది. కదలగానే బుస్సుమని గాలి లోపలికి పోయింది, నీళ్ళలో మునిగి తేలినవాడు ఊపిరి పీల్చుకున్నట్టు. చాలాసేపు పీల్చుకుంది.

"స్టార్టు చెయ్యి."

మొదటి తిప్పుకే అందుకుంది.

అనార్‌కుల్ దిగి వచ్చింది. ఇద్దరూ ఆ ట్యాంకు నోరు చూస్తూ నిలబడ్డారు. ఒరోజ్‌బెక్ మళ్ళీ మూత బిగించాడు, మళ్ళీ నడిపించాడు. గంటలోపే బండి మళ్ళీ తడబడింది. ఈసారి మూత వదులు చేసి గుడ్డ చుట్టి వదిలేశారు. వాన్ ఇరవై బస్తాలతో కనుమ పైదాకా ఎక్కి, మంచు మైదానంలో నిలబడి, హాయిగా గుడగుడలాడుతూ ఉంది.

"లోపలున్న డీజిల్‌ని ఇంజన్ పీల్చుకుంటే, ఆ ఖాళీలోకి గాలి రావాలి కదా," అన్నాడు ఒరోజ్‌బెక్. "రావడం లేదు. ట్యాంకు నిండా ఉంటే ఉన్న గాలే కొంచెం, అందుకని తొందరగా బిగుసుకుపోతుంది. ఇంజన్ ఎంత లాగినా చుక్క రాదు. అరగంట వదిలేస్తే ఎక్కడో సన్న సందులోంచి గాలి దూరి మళ్ళీ సరవుతుంది."

"సీసా మూతికి నోరు పెట్టి పీల్చినట్టు," అంది లెక్కల పంతులమ్మ. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. పాసింజర్లూ నష్టమూ ఆ కాసేపు ఆమెకి కూడా గుర్తు లేవు.

అతను కోటు విప్పి పరిచి వాన్ కిందికి దూరాడు. ట్యాంకు పైనుంచి గాలి కోసం పెట్టిన సన్న గొట్టం ఒకటి ఉంది. దాని చివర మట్టి రాయిలా గట్టిపడి ఉంది. నిన్నా మొన్నా పట్టిన మట్టి కాదు. ఎన్నో ఏళ్ళది. తీగతో పొడుస్తూ పొడుస్తూ అతను ఆగిపోయాడు. ఎన్నో ఏళ్ళుగా మూసుకుపోయి ఉంటే, తన కింద ఎందుకు ఆగలేదు?

వాన్ కిందే వెల్లకిలా పడుకుని ఇంటికి ఫోన్ చేశాడు.

"గుమ్మం మీద మేకుకి అమ్మ ఓ మూత వేలాడదీసింది కదా, అది తీసి దీపానికి ఎదురుగా పెట్టి చూడు."

"మూతా?" అంది భార్య నాజిక్. "పలుపా?"

"అదేలే."

బురుల్ గొంతు దూరం నుంచి వినిపించింది, "ఇవ్వడానికి వీల్లేదని చెప్పు." మేకు నుంచి మూత తీసిన చప్పుడైంది. నాజిక్ అంది, "మధ్యలో ఓ బెజ్జం ఉంది. దుప్పటి కుట్టే సూది పడుతుంది. ఎవరో మేకు పెట్టి కొట్టినట్టుంది. ఏం, ఎందుకు?"

అంతా అర్థమైంది. తనకంటే ముందు ఈ వాన్ నడిపినవాడెవడో, గొట్టం శుభ్రం చెయ్యడానికి బద్ధకించి మూతకి బెజ్జం కొట్టాడు. ఆ బద్ధకమే పదకొండేళ్ళు తన బండిని నడిపింది. అమ్మే రోజు తల్లి ఆ మూత పలుపుగా ఉంచేసుకుంటే, కొన్నవాళ్ళకి పాతది అంటగట్టలేదన్న పేరు వస్తుందని తను బజారుకెళ్ళి కొత్త మూత తెచ్చి బిగించాడు. బిర్రుగా, గాలి చొరకుండా, మర్యాదగా.

అతనికి నవ్వొచ్చింది. వాన్ కింద ఒంటరిగా నవ్వుకున్నాడు. ఆ నవ్వు సగంలో ఉండగా నీలం పీపాలు గుర్తొచ్చాయి, గరాటు మళ్ళీ మేకుకి తగిలించిన చెయ్యి గుర్తొచ్చింది, నవ్వు అక్కడే ఆగిపోయింది. డీజిల్‌లో ఏమీ లేదు. మొదటి రోజు నుంచీ ఏమీ లేదు.

*

దిగుతూ ఉండగా అనార్‌కుల్ కూడా అదే ఆలోచిస్తున్నట్టుంది. మెలికలు దాటాక, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అంది, "గొట్టం బాగైంది. బండి బాగైంది. స్టాండులో ఏదో వైరు ఊడిందని చెప్పెయ్యొచ్చు."

"ఆవిడ సంగతి?"

"మెల్లగా వాళ్ళే మర్చిపోతారు. నెల పోతే మళ్ళీ అక్కడే పోయించుకుంటారు. నేనే నోరు చేసుకుని అందరికీ చెప్పాను అన్నా. ఇప్పుడు ఏ ముఖంతో కాదని చెప్పను?"

"నీకు చెప్పింది నేను."

"మీరు సాయంత్రం తోక్‌మోక్ పోతారు. నేను ఇక్కడే ఉండాలి."

ఆ మాటలో అబద్ధం లేదు. ఒరోజ్‌బెక్ కిటికీ అద్దం మీద పొగమంచు తుడిచాడు, మళ్ళీ పట్టింది, మళ్ళీ తుడిచాడు. బావమరిది చెప్పినట్టు వినుంటే ఈ పాటికి ఇంట్లో మధ్యాహ్నం నిద్రలో ఉండేవాడు. తన బండి పేరు నిలబెట్టుకుందామని వచ్చాడు. ఇప్పుడు తన పేరే నడి స్టాండులో పారేసుకోవాలి.

స్టాండులో ఏడెనిమిది మంది డ్రైవర్లు పొద్దుతిరుగుడు గింజలు నములుతూ వాళ్ళ కోసమే చూస్తున్నారు. బస్తాలు ఎక్కించినప్పటి నుంచి వాళ్ళకీ అదే వేడుక.

"ఎక్కిందా? నీళ్ళేనా?" అన్నాడు బోలోత్.

"ఎక్కింది. నీళ్ళు కాదు," అన్నాడు ఒరోజ్‌బెక్. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎందుకు తీశాడో అతనికే తెలియదు. "డీజిల్‌లో ఏ దోషమూ లేదు. దోషం మా ఇంటిది." గొట్టం, బెజ్జం, పలుపు, కొత్త మూత, వరసగా చెప్పాడు. పలుపు దగ్గరికి వచ్చేసరికి వాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు.

"ఆ పెద్దావిడ లారీ అమ్మితే స్టీరింగు దాచుకునేలా ఉందిరా," అన్నాడొకడు.

"అమ్మింది బండి, ఆపుకున్నది ఊపిరి," అన్నాడు బోలోత్. తరవాత గింజ తొక్క ఉమ్మి, "అదంతా సరే. మరి ఆ మధ్య నా బండి దగ్గింది. అది కూడా మీ అమ్మ మూతేనా? సుయుమ్‌కాన్ అక్క దగ్గరే పోయించాను నేను కూడా."

జవాబు అనార్‌కుల్ చెప్పింది.

"నీ బండి నేను బడిలో పాఠాలు చెప్పుకుంటున్నప్పటి నుంచీ దగ్గుతోంది బోలోత్. నీళ్ళున్నాయని అరిచింది నేను. చూడకుండా అరిచాను. పిల్లలెవరైనా అలా లెక్క చేస్తే సున్నా వేసేదాన్ని."

బోలోత్ గింజల పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అందరూ ఒప్పుకున్నట్టు కాదు, ఒప్పుకోనట్టూ కాదు. ఒకడు మాత్రం తన వాన్ ఎక్కి, ట్యాంకు ముల్లు చూసుకుని, ఊరి చివర వైపు తిప్పాడు.

*

ఒరోజ్‌బెక్ వెళ్ళేసరికి ఆ వాన్ పోయించుకుని వెళ్ళిపోయింది. సుయుమ్‌కాన్ గరాటు తుడుస్తోంది. దగ్గర నుంచి చూస్తే యాభై ఏడెనిమిదేళ్ళుంటాయి. చేతులు డీజిల్‌తో పగిలి నల్లగా ఉన్నాయి.

"పొద్దున ఆగకుండా పోయావు," అంది.

"పెట్రోలు బండి అక్కా."

"అదే అనుకున్నాను."

వెనకనున్న చిన్న గదిలోకి రమ్మంది. కిటికీ గట్టు మీద పచ్చడి సీసాలు వరసగా ఉన్నాయి, ఏడు. ఒక్కోదానిలో సగం దాకా డీజిల్, మూత మీద అతికించిన కాగితం ముక్క మీద తేదీ. వెలుతురు వాటిలోంచి తేనెరంగులో పడుతోంది. ఒక్కదాని అడుగున కూడా నీటి చుక్క లేదు.

అతను అంతా చెప్పాడు. మొదటి ఫోన్ దగ్గర నుంచి చెప్పాడు. ఆవిడ పొయ్యి మీద కెటిల్ పెట్టబోయి, చేత్తోనే పట్టుకుని విన్నది.

"ఇంకోసారి చెప్పు."

మళ్ళీ చెప్పాడు.

"రోజూ ఒక సీసా పట్టాను," అంది. "నీళ్ళుంటే అడుగుకి దిగాలి కదా. పొద్దున లేవగానే చూసేదాన్ని. ఏమీ దిగలేదు. దిగలేదు గదా అని అనుకునేదాన్ని. మళ్ళీ, ఇంతమంది ఊరికే అంటారా అనుకునేదాన్ని. కళ్ళెదురుగా ఉన్నా నా కంటిని నేను నమ్మలేదు తమ్ముడూ."

"తప్పు నాదక్కా."

"నీదే," అంది సుయుమ్‌కాన్, కోపం లేకుండా. కెటిల్ పొయ్యి మీద పెట్టింది. వెంటనే దించేసింది. "పీపాలు పట్నం నుంచి తెచ్చేది మా ఆయన, ముకాష్. దారిలో ఎక్కడో ఆపి సగం అమ్ముకుని నీళ్ళు పోశావా అని అడిగేశాను. ఎందుకు అడుగుతున్నానో కూడా చెప్పలేదు. దొంగ అనే అన్నాను. ముప్పై ఒక్క ఏళ్ళ కాపురం. ఆయన ఒక్క మాట అనలేదు. గొర్రెతోలు కోటు వేసుకుని వాళ్ళక్క ఇంటికి పోయాడు. ఇవాళ్టికి నాలుగు రోజులు."

ఒరోజ్‌బెక్ సీసాల వైపు చూడలేకపోయాడు. టీ తాగుతూ అన్న ఒక్క మాట ఎంత దూరం వెళ్ళిందో అతనికి ఇప్పుడు తెలిసింది. ఇంతకంటే దూరం వెళ్ళలేదని చెప్పేవాళ్ళు కూడా ఎవరూ లేరు.

"ఎంత దూరం ఆ ఊరు?"

"పదహారు కిలోమీటర్లు." ఆవిడ అప్పటికే శాలువా బిగించుకుంటోంది. పీపాలకి తాళం వేసి వచ్చి కారు ముందు సీట్లో కూర్చుంది. "నేను చెబితే నమ్మడు. నువ్వు చెప్పు. బండి నీది కదా."

ఆ ఊళ్ళో చివరి ఇంటి ముందు ఆపమంది. వాకిట్లో ఒక పొడుగాటి మనిషి కట్టెలు కొడుతున్నాడు. కారులో ఎవరున్నదీ చూశాడు. చూసి, ఇంకో కట్టె నిలబెట్టి గొడ్డలి ఎత్తాడు.

"నువ్వెళ్ళు," అంది సుయుమ్‌కాన్. తలుపు పిడి మీద చెయ్యి ఉంది గాని తియ్యలేదు.

ఒరోజ్‌బెక్ వెళ్ళి రెండు చేతులతో చెయ్యి కలిపాడు. "సలాం అన్నా. నేను తోక్‌మోక్ నుంచి వచ్చాను. ఆ వాన్ అమ్మినవాణ్ణి."

ముకాష్ గొడ్డలి దించి అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఏ వాను?" అన్నాడు.

ఆ ప్రశ్నకి ఒరోజ్‌బెక్ సిద్ధంగా లేడు. ఈ మనిషికి వాను లేదు, కనుమ లేదు, స్టాండు లేదు, నీళ్ళ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. ఇంట్లో ఆడమనిషి తనని దొంగ అందని మాత్రమే తెలుసు. మూడుసార్లు చెప్పి నలిగిన కథ నోటిదాకా వచ్చి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక అక్కడే నిలబడిపోయింది.

వెనక కారు తలుపు చప్పుడైంది. సుయుమ్‌కాన్ మంచు తొక్కుకుంటూ వచ్చి, భర్తకి నాలుగడుగుల దూరంలో ఆగింది.

"నువ్వుండు తమ్ముడూ," అంది. "వాను సంగతి తరవాత. ముందు నేను చెప్పాల్సింది ఒకటుంది."

ముకాష్ గొడ్డలి పక్కన పెట్టాడు. తరవాత కట్టెలు కొట్టే దుంగ మీది చెక్కపేళ్ళు చేత్తో తుడిచి, కూర్చోమన్నట్టు దాన్ని కాలితో ఆమె వైపు జరిపాడు.